పాత కార్డు బాకీ: గడువును నమ్ముకోవడమా, రాజీకి వెళ్లడమా?

తిరుపతిలో చిన్న దుకాణం నడిపే మా బంధువుకు ఆరేళ్ల నాటి క్రెడిట్ కార్డు బాకీ గురించి మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి. చెల్లించాలా, ఊరుకోవాలా అని నన్నడిగారు.

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇలాంటి బాకీపై దావాకు సాధారణంగా 3 ఏళ్లే గడువు. అది దాటితే బాకీ రద్దు కాదు, కోర్టు ద్వారా వసూలు చేసుకునే దారి మూసుకుపోతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. గడువు లోపల బాకీని ఒప్పుకుంటూ సంతకం చేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. గడువు తీరాక కూడా చెల్లిస్తానని రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందంగా చెల్లుతుంది. అందుకే, ఏ కాగితం మీదా తొందరపడి సంతకం పెట్టవద్దని ఆయనకు గట్టిగా చెప్పాను. సమన్లు వస్తే మాత్రం ధీమాగా ఇంట్లో కూర్చోకూడదు. హాజరు కాకపోతే ఏకపక్ష డిక్రీ, అంటే మన వాదన వినకుండానే ఇచ్చే కోర్టు తీర్పు, రావచ్చు, దాన్ని అమలు చేయించుకోవడానికి బ్యాంకుకు 12 ఏళ్ల వ్యవధి ఉంటుంది.

రాజీ దారి వేరు. లోక్ అదాలత్‌లో కుదిరిన ఒప్పందం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. వడ్డీ తగ్గించమని అడగవచ్చు. అయితే తక్కువ మొత్తానికి తేల్చుకుంటే క్రెడిట్ నివేదికలో ‘సెటిల్డ్’ అనే ముద్ర పడుతుంది, కొత్త అప్పు ఇచ్చేవారు దాన్ని చూస్తారు.

దుకాణం పెంచడానికి ఆయనకు బ్యాంకు రుణం కావాలి. ‘సెటిల్డ్’ ముద్ర పడినా, తీరని బాకీ కంటే అదే నయం. కాబట్టి రాజీయే మేలని నా అభిప్రాయం, అదీ బాకీ తీరినట్టు లేఖ చేతికిస్తామని కార్డు ఇచ్చిన బ్యాంకు ముందే రాసిస్తేనే.