కార్ట్రిడ్జి రేజరా, ఒంటి బ్లేడు సేఫ్టీ రేజరా?

చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు పీజీల్లో ఉండే మన కుర్రాళ్లు పొద్దున క్యాబ్ వచ్చేలోపు గడ్డం గీసుకోవాలంటే, వరసగా బ్లేడ్లు బిగించిన తల ఉండే కార్ట్రిడ్జి రేజరే సుఖం. చెంప వంపును బట్టి దాని తల అదే తిరుగుతుంది. నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

సేఫ్టీ రేజరు అలా కాదు. 1904లో జిల్లెట్ పేటెంట్ పొందిన పాత పద్ధతే: మార్చుకునే ఒక పల్చటి బ్లేడు, దానిపైన మూత. తల కదలదు కాబట్టి వాలు మన చేతిలోనే ఉంటుంది. ముందు మూతను చెంపకు ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించాలి. సుమారు 30 డిగ్రీల దగ్గర బ్లేడు వెంట్రుకను అందుకుని సన్నగా గరగరమంటుంది. అక్కడే ఆపి, చిన్న చిన్న గీతలు గీయాలి. నొక్కొద్దు, రేజరు బరువే చాలు. గొంతు ముడి దగ్గర చర్మాన్ని పక్కకు లాగి పట్టుకోవాలి. చెయ్యి తిరిగేదాకా వెంట్రుక వాటంలోనే గీయండి, ఎదురు గీత జోలికి పోకండి.

బోరు నీళ్లకు సబ్బు నురగ సరిగా రాదు. వాటర్ క్యాన్ నుంచి అరగ్లాసు వాడితే తేడా తెలుస్తుంది. (క్యాన్ రూమ్మేట్‌దైతే అడిగి తీసుకోండి!)

ఖర్చులో పోటీయే లేదు. ఒక్క కార్ట్రిడ్జి డబ్బుకు బ్లేడ్ల ప్యాకెట్లే వస్తాయి. ఉంగరాల గడ్డం వాళ్లకైతే నా ఓటు సేఫ్టీ రేజరుకే. కార్ట్రిడ్జిలోని వరస బ్లేడ్లు వెంట్రుకను చర్మం లోపలికంటా కోయడంతో అది లోపలే పెరిగి గుల్లలు లేవొచ్చు.

విమానం ఎక్కేటప్పుడు మాత్రం కార్ట్రిడ్జే నయం. విడి బ్లేడ్లను క్యాబిన్ బ్యాగులో ఒప్పుకోరు.