ఏడు వందలకే పెద్ద గేమ్ అంటే ఆగండి: ఐడీ, పాస్‌వర్డ్ కొని మోసపోయాను

అనంతపురంలో, చుట్టుపక్కల ఊళ్లలో పీఎస్ 4, పీఎస్ 5 (సోనీ ప్లేస్టేషన్ గేమ్ కన్సోళ్లు) ఉన్నవాళ్లు, ముఖ్యంగా నాలాగా రోజుకు గంట కూడా సరిగ్గా దొరకనివాళ్లు ఇది చదవండి. "డిజిటల్ గేమ్, తక్కువ ధర, లైఫ్‌టైం వారంటీ" అంటూ ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టి, గేమ్ కొని ఉన్న ఒక ప్లేస్టేషన్ ఖాతా ఐడీ, పాస్‌వర్డ్ అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. నేను కొన్నాను. పోయిన డబ్బు ఏడు వందలే, కానీ దాంతోపాటు నెల రోజుల ఆట మొత్తం పోయింది.

నా ఉద్యోగం కళ్యాణదుర్గంలో. పొద్దున ఏడున్నరకు అనంతపురం బస్టాండులో ఉంటాను, ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు దాటుతుంది. అన్నం తిని, పాప హోంవర్క్ చూసి, తను పడుకున్నాక పది నుంచి పదకొండు వరకు టీవీ నాది. ఆ గంటలోనే మొన్నామధ్య స్పైడర్ మ్యాన్ గేమ్ పూర్తి చేశాను. పావుగంట దొరికినా ఒక చిన్న పని ముగించి లేవచ్చు, అందుకే అది నాకు బాగా కుదిరింది. రెడ్ డెడ్ రిడంప్షన్ 2 అట్లా కాదు. గుర్రం మీద ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోయేసరికే నిద్ర టైమ్ అవుతుంది. గొప్ప ఆట, కాదనను. సంక్రాంతి సెలవులకు దాచుకున్నాను.

తర్వాత మొదలుపెట్టింది ఘోస్ట్ ఆఫ్ సుషిమా. 2020 జులైలో పీఎస్ 4కు వచ్చిన ఆట ఇది. 1274లో మంగోలు సైన్యం జపాన్‌లోని సుషిమా ద్వీపం మీద దిగినప్పటి కథ, మనం జిన్ సకాయ్ అనే సమురాయ్‌గా ఆడతాం. ఇందులో దారి చూపించడానికి బాణం గుర్తులు, మూలన చిన్న మ్యాపు ఉండవు. కంట్రోలర్ టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి జరిపితే గాలి వీస్తుంది, గడ్డి ఎటు వంగితే అటు పోవాలి. రోజంతా బస్సు హారన్లు, కౌంటర్ దగ్గర అరుపులు విన్నాక ఆ గడ్డి మైదానంలో గుర్రం నడిపిస్తుంటే తల తేలికపడేది. ఆదివారం పాప పక్కన కూర్చునేది. ఈ ఆటలో నక్కలు ఎదురవుతాయి, వెంట పోతే ఒక చిన్న గుడి దగ్గరికి తీసుకెళ్తాయి. అక్కడ ఒక్కోసారి నక్కను నిమరొచ్చు కూడా. పాపకు అదొక్కటే ఆట. "నాన్నా, ఇంకో నక్క" అని అడుగుతూనే ఉండేది.

కొన్నది ఎట్లాగంటే, ఆఫీసులో ఒకరు నంబర్ ఇచ్చారు. మెసేజ్ పెడితే వెంటనే జవాబు: "అన్నా, ప్రైమరీ అయితే పదిహేను వందలు, సెకండరీ అయితే ఏడు వందలు. గేమ్ అదే అన్నా, ఏం తేడా లేదు." సోనీ ఆన్‌లైన్ స్టోర్‌లో దాని ధర వేలల్లో ఉంది. యూపీఐలో డబ్బు పంపాను. ఐడీ, పాస్‌వర్డ్, ఓటీపీ వచ్చాయి. "పాస్‌వర్డ్ మార్చొద్దు, ఈ ఐడీలోనే ఆడాలి" అన్నాడు. బిల్లు లేదు.

అసలు తేడా అంతా ఆ ప్రైమరీ, సెకండరీలోనే ఉంది. ఒక పీఎస్ 4ను ఏదైనా ఐడీకి ప్రైమరీగా పెడితే, ఆ ఐడీ మీద కొన్న గేమ్‌ను అదే కన్సోల్‌లో మన సొంత ఐడీ నుంచి ఆడుకోవచ్చు. నెట్ లేకపోయినా నడుస్తుంది. సెకండరీ అంటే అమ్మినవాడి ఐడీలోకి పోయి ఆడాలి, లైసెన్స్ సరిచూసుకోవడానికి నెట్ ఉండాలి. అంటే మన సేవ్ (ఎంతవరకు ఆడామో దాచే ఫైల్) మన పేరు మీద ఉండదు. అది వాడి ఐడీ కింద పడుతుంది. ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే కొనేవాడిని కాదు.

మొదటి వారం బాగానే నడిచింది. ఒక రాత్రి బ్రాడ్‌బ్యాండ్ పోతే గేమ్ బొమ్మ మీద తాళం గుర్తు పడింది. ఇంకో రాత్రి మంచి పోరాటం మధ్యలో, ఇదే ఐడీతో వేరే పీఎస్ 4లో సైన్ ఇన్ అయ్యారని మెసేజ్ వచ్చి నన్ను బయటికి తోసేసింది. అంటే అదే ఐడీని ఇంకెవరికో కూడా అమ్మాడు. అడిగితే "రాత్రి పదకొండు తర్వాత ఆడు అన్నా" అన్నాడు. నాకు ఉన్నదే ఆ ఒక్క గంట. మూడో వారంలో పాస్‌వర్డ్ మారింది. రెండు రోజులు బతిమాలితే కొత్తది ఇచ్చాడు. నెల తిరిగేసరికి మళ్లీ మారింది. ఈసారి నా నంబర్ బ్లాక్ చేశాడు. అప్పటికి ద్వీపం దక్షిణం మొత్తం విడిపించి, మధ్యనున్న టొయొటామా ప్రాంతంలోకి వచ్చి ఉన్నాను. ఆ సేవ్ ఫైల్ ఇప్పటికీ నా కన్సోల్‌లోనే ఉంది. కానీ ఒక ఐడీ సేవ్‌ను ఇంకో ఐడీలో తెరవడం కుదరదు. ఇప్పుడు సొంతంగా గేమ్ కొన్నా మొదటి నుంచే ఆడాలి.

సోనీని అడగడానికి కూడా దారి లేదు. ఖాతాలు అమ్మడం, కొనడం వాళ్ల నిబంధనలకే విరుద్ధం, పైగా కొనుగోలు నా పేరు మీద లేదు. ప్రైమరీ కొన్నవాళ్లు కూడా ధీమాగా ఉండకండి. ఆ ఐడీ అసలు యజమాని లాగిన్ అయి, ఎక్కడెక్కడ యాక్టివేట్ అయి ఉందో అన్ని కన్సోళ్లనూ ఒకేసారి తీసేయగలడు. మీ సేవ్ మీ ఐడీలో మిగులుతుంది, గేమ్‌కు మాత్రం తాళం పడుతుంది. ఇంకొంతమంది "మీ ఐడీలోనే గేమ్ వేసిస్తాం, పాస్‌వర్డ్ చెప్పండి" అంటారు. ఇది ఇంకా ప్రమాదం, మీ ఖాతాయే చేజారుతుంది. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తోపాటు ఒక కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోండి, ఆ కోడ్ ఎవరికీ చెప్పకండి.

నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, యూపీఐ లావాదేవీ నంబర్, చాట్ స్క్రీన్‌షాట్లు ఇచ్చాను. ఇంకా ఏమీ తేలలేదు. మీకు ఇలా జరిగితే నాలాగా రెండు వారాలు ఆగకుండా ఆ రోజే చేయండి. బిల్లు ఇచ్చిన దుకాణంతో గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

తక్కువ ధరకు కావాలంటే సెకండ్‌హ్యాండ్ డిస్క్ మేలు. ఆడాక మళ్లీ అమ్ముకోవచ్చు, సేవ్ మన ఐడీలోనే ఉంటుంది. కాకపోతే చూసి కొనాలి. పీఎస్ 4 రెడ్ డెడ్ రిడంప్షన్ 2కు రెండు డిస్కులు ఉంటాయి, ఒకటి డేటాకు, ఒకటి ఆడటానికి. ఒక్కటే ఇచ్చి పంపేవాళ్లున్నారు. పీఎస్ 5 డిజిటల్ ఎడిషన్‌తో డిస్క్ పెట్టే చోటు రాదు, వాళ్లు స్టోర్‌లో సేల్ కోసం ఆగడమే మంచిది.

పోయిన వారం సుషిమా డిస్క్ తీసుకున్నాను, పదిహేను వందలు. మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆదివారం పాపకు మొదటి నక్క మళ్లీ దొరికింది.

అనంతపురంలో ఎవరైనా పీఎస్ 4 డిస్క్ కొనే ముందు నడుస్తుందో లేదో చూసుకోవాలంటే నాకు మెసేజ్ పెట్టండి. ఆదివారం పొద్దున మా ఇంట్లోనే నా కన్సోల్‌లో పెట్టి చూసుకోవచ్చు.