అవతార్ కార్టూన్‌లో నీతి ఎక్కడుంది? పిల్లలతో కలిసి చూసేవారికి ఒక సమీక్ష

నికలోడియన్ చానల్లో 2005 నుంచి 2008 దాకా వచ్చిన ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ పిల్లలకు మంచి చెడ్డలు నేర్పుతుందని చాలామంది సిఫారసు చేస్తుంటారు. నీలం రంగు మనుషుల సినిమాకూ దీనికీ సంబంధం లేదు. మూడు సీజన్లు, 61 ఎపిసోడ్లు, ఒక్కోటీ సుమారు 23 నిమిషాలు. సిఫారసు సరైనదే. కాకపోతే నీతి కోసం అందరూ చూసేది హీరో ఆంగ్ వైపు. అసలు సరుకు అతన్ని వేటాడే జూకో దగ్గరుంది.

నీరు, భూమి, అగ్ని, గాలి పేరిట నాలుగు జాతులు, వాళ్లలో కొందరు తమ జాతి పేరున్న తత్వాన్ని ఆయుధంలా ఆడించగలరు. నాలుగింటినీ ఆడించగలిగి, జన్మ జన్మకూ మళ్లీ పుట్టేవాడు ‘అవతార్’. అగ్ని జాతి మిగతావాటి మీద యుద్ధానికి దిగి గాలి జాతిని తుడిచిపెట్టింది. నూరేళ్లు మంచులో గడ్డకట్టి బయటపడ్డ పన్నెండేళ్ల సన్యాసి పిల్లాడు ఆంగే ఇప్పటి అవతార్, ఆ యుద్ధాన్ని అతనే ఆపాలి. జూకో ఆ అగ్ని జాతి రాకుమారుడు. కొత్తగా చేరిన సైనికులను ఎరగా వాడొద్దని యుద్ధ సభలో నోరు విప్పినందుకు కన్నతండ్రే ముఖం కాల్చి దేశం నుంచి వెళ్లగొట్టాడు. ఇది మొదటి సీజన్ 12వ ఎపిసోడ్‌లో తెలుస్తుంది. అక్కడిదాకా పిల్లలు అతన్ని మామూలు విలన్ అనుకుంటారు. అలాగే అనుకోనివ్వండి, ముందే చెప్పేయకండి.

పశ్చాత్తాపాన్ని ఇంత ఓపికగా చూపిన పిల్లల సీరియల్ అరుదు. రెండో సీజన్ 17వ ఎపిసోడ్‌లో జూకో ఒక మంచి పని చేస్తాడు, బందీగా ఉన్న ఆంగ్ ఎగిరే ఎద్దును విడిచిపెడతాడు. మరుసటి ఎపిసోడ్‌లో జ్వరంతో పడిపోతాడు. ఇక మారిపోయాడనుకునేలోపు, 20వ ఎపిసోడ్‌లో చెల్లెలు అజూలాతో చేతులు కలుపుతాడు. తండ్రిలా పెంచిన పెదనాన్న ఐరో జైలు పాలవుతాడు. పిల్లలకు కోపం వచ్చేది ఇక్కడే. ఆ రాత్రికి టీవీ కట్టేసి ‘అతనికి ఇల్లు, తండ్రి, పరువు మూడూ తిరిగి ఇస్తామంటే ఏం చేయాలి?’ అని ఒక్క ప్రశ్న అడిగి వదిలేయండి. జవాబు మీరు చెప్పొద్దు.

మూడో సీజన్ 12వ ఎపిసోడ్‌లో మనసు మారి ఆంగ్ గుంపును క్షమాపణ అడగడానికి వచ్చిన జూకో, ఏం మాట్లాడాలో ముందుగా ఒక కప్ప ఎదుట సాధన చేస్తాడు. ఎంత సాధన చేసినా అసలు చోట మాటలు తడబడతాయి, ఎవరూ నమ్మరు. ఆ గుంపులో కళ్లు లేని పిల్ల టాఫ్ ఒక్కతే నమ్మి రాత్రి అతని దగ్గరికి వెళితే, ఉలిక్కిపడి నిప్పు విసిరి ఆమె పాదాలు కాలుస్తాడు. మనసు మారినంత మాత్రాన చేతి అలవాటు మారదని ఇంతకన్నా బాగా చూపలేరు. గుంపులో చేర్చుకున్నాక కూడా, ఆంగ్ నేస్తం, నీటి జాతి పిల్ల కటారా అతన్ని విడిగా నిలదీసి, మళ్లీ దారి తప్పితే ఊరుకోనని హెచ్చరిస్తుంది.

అదే సీజన్ 16వ ఎపిసోడ్‌ను విడిగా చూపొద్దు. తల్లిని చంపిన సైనికుడి కోసం కటారా వెతుక్కుంటూ వెళుతుంది. దొరికింది ముసలివాడు, అంగట్లో కూరగాయలు కొనుక్కునేవాడు. కురుస్తున్న వానను గాల్లోనే ఆపి, మంచు సూదులుగా మార్చి అతని మీదికి విసిరి, ఒంటికి తాకే ముందు నిలిపేస్తుంది. అతను తన ప్రాణానికి బదులు తన తల్లి ప్రాణం తీసుకోమంటాడు! ఆమె చంపదు. అలాగని క్షమించదు కూడా. ఎప్పటికీ క్షమించనని ఆంగ్‌తో తేల్చి చెబుతుంది, జూకోను మాత్రం ఆ రోజే క్షమిస్తుంది. ‘క్షమించాలమ్మా’ అని ఒక్క ముక్కలో తేల్చే పెద్దలు ఈ తేడాను తప్పక చూడాలి.

చక్రాల ఎపిసోడ్ (రెండో సీజన్, 19) మనవాళ్లకు బాగా నచ్చుతుంది, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ అక్కడే. మూలాధారం నుంచి సహస్రారం దాకా ఏడు చక్రాలు, కింది నాలుగింటికి భూమి, నీరు, అగ్ని, గాలి, ఇవన్నీ సంప్రదాయానికి దగ్గరగానే ఉన్నాయి. ఐదోదైన విశుద్ధానికి ఆకాశం బదులు శబ్దం పెట్టారు, ఆకాశ గుణం శబ్దమే కాబట్టి అదీ అతుకుతుంది. కానీ మూలాధారాన్ని భయం, మణిపూరకాన్ని సిగ్గు, అనాహతాన్ని దుఃఖం అడ్డుకుంటాయన్న జత సీరియల్ వాళ్లది. మన తాంత్రిక గ్రంథాలు చెప్పేది ఒక్కో చక్ర పద్మానికి ఉండే దళాల సంఖ్య, లం వం రం యం హం బీజాక్షరాలు, అధిదేవతలు. దీన్ని మనసు విప్పి మాట్లాడుకోవడానికి వాడండి, యోగ పాఠంగా వాడకండి.

ఇక ముగింపు. ప్రాణం తీయకూడదని పెరిగిన ఆంగ్, జూకో తండ్రి, అగ్ని రాజు ఓజైని చంపక తప్పని పరిస్థితిలో తన గత జన్మల అవతార్‌లు నలుగురిని సలహా అడుగుతాడు. నలుగురూ వెనకాడొద్దనే చెబుతారు. అతనిలాగే సన్యాసిని అయిన యాంగ్‌చెన్ కూడా, నీ ఆత్మశుద్ధి కన్నా లోకం పట్ల నీ బాధ్యత పెద్దదంటుంది. భగవద్గీత తెలిసిన ఇంట్లో ఈ సన్నివేశం గంటసేపు చర్చకు సరిపోతుంది. తర్వాత సీరియల్ దాటవేసింది. ఓ మహా తాబేలు ప్రత్యక్షమై, చంపకుండానే శక్తి లాగేసే విద్య ఇస్తుంది. మూసుకుపోయిన అవతార శక్తి, వెన్ను మీది పాత గాయానికి రాయి తగలగానే తెరుచుకుంటుంది. అంత కష్టమైన ప్రశ్న వేసి, ఆ బరువు పిల్లాడు మోయకుండానే తప్పించేశారు. అహింసను బోధించిన గురువు గ్యాత్సో అస్థిపంజరం చుట్టూ శత్రు సైనికుల ఎముకలు పడి ఉండటం మూడో ఎపిసోడ్‌లోనే చూపించి, దాని గురించి చివరిదాకా ఎవరితోనూ మాట్లాడించలేదు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి పిల్లల్నే అడగండి, వాళ్లు బాగానే వాదిస్తారు.

తొమ్మిది, పదేళ్లు దాటినవారికి ఇది సరిపోతుంది. రోజుకు రెండు ఎపిసోడ్లు చాలు. మొదటి సీజన్ చిన్నపిల్లల వ్యవహారమని దాటేస్తే జూకో మార్పుకు బరువుండదు. అందులో 11వది బలహీనమే, అయినా తగవు తీర్చడానికి ఆంగ్ చెప్పిన కట్టుకథ తప్పా కాదా అని అడగడానికి పనికొస్తుంది. ఐరో సూక్తుల క్లిప్పులు ముందే చూపించకండి. కొడుకును యుద్ధంలో పోగొట్టుకున్న మనిషని తెలిశాకే ఆ మాటలు తగులుతాయి.

నెట్‌ఫ్లిక్స్ 2024లో నటులతో తీసిన 8 ఎపిసోడ్ల రూపం దీనికి బదులు కాదు. కార్టూన్‌లో ఆంగ్ బాధ్యతకు భయపడి పారిపోతాడు, ఆ అపరాధ భావనే అతన్ని నడిపిస్తుంది. నటుల రూపంలో కాస్త మనసు కుదుటపరచుకోవడానికి బయటికి వెళ్లి తుఫానులో చిక్కుకుంటాడు, అంతే. ఒక్క చేర్పు మాత్రం బాగుంది. జూకో ఓడలోని సైనికులే ఆ రోజు సభలో అతను కాపాడిన దళమని ఆరో ఎపిసోడ్‌లో వాళ్లకు తెలుస్తుంది. కార్టూన్ మొత్తం చూశాక, ఆ ఒక్క ఎపిసోడ్ వేసుకోవచ్చు.