గుహ బొమ్మలు: ముందు సినిమానా, పాండవుల గుట్టనా?

దసరా సెలవులకు హన్మకొండ వచ్చిన మేనల్లుడికి ఆదిమానవుల బొమ్మలు చూపించాలనుకున్నా. ఇంట్లోనే టీవీలో జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ తీసిన 2010 నాటి డాక్యుమెంటరీ ‘కేవ్ ఆఫ్ ఫర్గాటెన్ డ్రీమ్స్’ పెట్టాలా, పొద్దున్నే బండి తీసి రేగొండ దిక్కున్న పాండవుల గుట్టకు పోవాలా?

సినిమాను తీసిపారేయలేం. అది తీసింది ఫ్రాన్స్‌లోని షోవే గుహలో, దాంట్లోకి మామూలు జనాన్ని పోనివ్వరు. అదే దేశంలో 1940లో దొరికిన ఇలాంటి బొమ్మల గుహ లాస్కో గోడలు చూడవచ్చినవాళ్ల ఊపిరికే పాడవుతుంటే 1963లో మూసేశారు. అందుకే 1994లో షోవే దొరకగానే జాగ్రత్తపడ్డారు. అక్కడిదాకా పోయినా మనకు దక్కేది 2015లో తెరిచిన నకలే. అసలుది చూడాలంటే కెమెరానే దిక్కు. రెండడుగుల వెడల్పున్న ఇనుప బాట దిగకుండా, చిన్న లైట్లు పట్టుకుని తీశారు. ఆ వెలుగు జరిగినప్పుడల్లా గోడ ఉబ్బుల మీది సింహాలు మెసులుతాయి. ఒక అడవిదున్నకైతే ఎనిమిది కాళ్లు, పరుగెత్తుతున్నట్టు! కొండరాళ్లు కూలి గుహ నోరు మూసుకుపోయింది కాబట్టే, 30 వేల ఏండ్లు దాటిన బొగ్గు గీతలు నిన్న గీసినట్టున్నాయి.

మన గుట్టకు ఆ అదృష్టం లేదు. ఇవి లోతు గుహలు కావు, ఇసుకరాయి చూరు కింది నీడలు. ఎండావానా తగులుతూనే ఉంటాయి. పోగానే ఏమీ కనిపించదు. కాసేపు చూడగా చూడగా, మరక అనుకున్నది మెల్లగా ఒక జంతువవుతుంది. పిల్లగాడు ముట్టుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపా. “మామా, అమ్మమ్మ అరుగుకు పూసే జాజు లెక్కనే ఉంది కదా” అన్నాడు. నిజమే, రెండూ ఇనుము కలిసిన మట్టి ఎరుపే. టీవీ ముందు కూర్చుంటే వాడికి ఆ మాట తోచేది కాదు.

అందుకే నా ఓటు ముందు గుట్టకే. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు, నడి ఎండాకాలంలో మాత్రం సినిమానే మేలు. గుట్టకు పోతే ఒక్కటి బతిమాలి చెప్తున్నా: ఫొటోలో రంగు తేలాలని బొమ్మల మీద నీళ్లు చల్లకండి.

సినిమా రాత్రికి పెట్టా. ఇంగ్లిషు వ్యాఖ్యానాన్ని మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్పా. ఎర్రటి అరచేతి ముద్రలు వచ్చాయి. చిటికెనవేలు వంకరున్న ఒకే మనిషివట, గుహలో వేరే చోటా ఉన్నాయట. “అది కూడా జాజేనా మామా?” అంటూ వాడు అరచెయ్యి తెరకు ఎదురుగా పట్టి చూసుకున్నాడు.