ఉప్పునీళ్లా, సోడియం సల్ఫేట్ ద్రావణమా?

విద్యుద్విశ్లేషణను, అంటే ద్రావణంలోకి కరెంటు పంపి పదార్థాన్ని విడగొట్టడాన్ని, రంగుల్లో చూపించాలంటే చాలామంది చేయి ముందు ఉప్పు డబ్బా మీదికే పోతుంది. కాథోడ్ (రుణ ధ్రువం) దగ్గర అది బాగానే పనిచేస్తుంది: హైడ్రోజన్ బుడగలు లేస్తాయి, మిగిలిన హైడ్రాక్సైడ్ అయాన్ల వల్ల ఫినాఫ్తలీన్ అనే సూచిక (ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పే పదార్థం) గులాబీ రంగుకు తిరుగుతుంది. చిక్కంతా ఆనోడ్ (ధన ధ్రువం) దగ్గరే. అక్కడ వచ్చేది క్లోరిన్. అది సూచిక రంగునే తినేస్తుంది, పైగా ఘాటు విషవాయువు. రంగు పోయింది ఆమ్లం వల్లనా, క్లోరిన్ వల్లనా? చూసేవాళ్లకు తేలదు.

సోడియం సల్ఫేట్‌లో ఆ తంటా లేదు. సల్ఫేట్, సోడియం అయాన్లు పక్కకు తప్పుకుంటాయి, విడిపోయేది నీరే. ఆనోడ్ దగ్గర ఆక్సిజన్, ఆమ్లం. కాథోడ్ దగ్గర దానికి రెట్టింపు ఘనపరిమాణంలో హైడ్రోజన్, క్షారం. దీనికి ఫినాఫ్తలీన్ చాలదు, ఆమ్లంలోనూ తటస్థంలోనూ దానికి రంగుండదు. బ్రోమోథైమోల్ బ్లూ వేయండి: పీహెచ్ (ఆమ్ల-క్షార కొలత, 7 అంటే తటస్థం) 6 కంటే తక్కువైతే పసుపు, 7.6 దాటితే నీలం, మధ్యలో ఆకుపచ్చ. ఒకే గొట్టంలో మూడు రంగులూ కనిపిస్తాయి. కరెంటు ఆపి కలియబెడితే ఆమ్లం, క్షారం సరిసమానంగా కలిసి మళ్లీ ఆకుపచ్చ! ఉప్పునీళ్లు ఇలా వెనక్కి రావు. క్లోరిన్ క్షారంతో కలిసి హైపోక్లోరైట్‌గా, అంటే బ్లీచ్‌గా మారుతుంది.

బ్లీచ్ తయారీ చూపించాలనుకుంటే మాత్రం ఉప్పే వాడాలి, అదీ గాలి బాగా ఆడేచోట.