డైటెటిక్స్ పీజీ: గోదావరి జిల్లాల నుంచి వెళ్లేవాళ్లు ఫీజు కట్టేముందు చూసుకోవాల్సింది

ముందే తేల్చి చెప్పేస్తాం. రెండేళ్ల ఎమ్మెస్సీ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ కోర్సుకి తరగతి గదిలో ఐదుకి నాలుగు మార్కులు, వార్డులో రెండు. ఆ రెండుని నాలుగు చేసేది యూనివర్సిటీ పేరు కాదు, దానికి అందుబాటులో ఉన్న ఆసుపత్రి. అమలాపురం, భీమవరం, కాకినాడ వైపు నుంచి వెళ్లేవాళ్లు ఫీజెంత, హాస్టలుందా, పీజీసెట్‌లో ఎంత ర్యాంకుకి సీటొస్తుంది అని అడుగుతారు గానీ, ఈ సంగతి అడిగేవాళ్లు తక్కువ.

మొదటి సెమిస్టర్ బరువంతా బయోకెమిస్ట్రీదే. బీజడ్‌సీ చదివొచ్చినవాళ్లు దాన్ని సులువుగా దాటేసి, ఆహార లెక్కల దగ్గర తడబడతారు. హోమ్ సైన్స్ వాళ్లది సరిగ్గా దీనికి ఉల్టా. ల్యాబ్ బాగానే నేర్పుతారు. కెల్డాల్ పద్ధతిలో నత్రజని కొలిచి 6.25తో హెచ్చిస్తే ప్రొటీన్ వస్తుంది, బియ్యానికైతే 5.95తో హెచ్చించాలి. రికార్డులో అన్నిటికీ 6.25 వేసేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

అసలు పని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2017లో తెచ్చిన ఆహార పోషకాల పట్టికతో మొదలవుతుంది. అందులో 528 ఆహార పదార్థాలున్నాయి. బియ్యం, పప్పుల అంకెలు పచ్చి సరుకువి, వండినవి కావు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. 100 గ్రాముల బియ్యంలో సుమారు 356 కిలో కేలరీలు, 78 గ్రాముల పిండిపదార్థం, 8 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. వండితే అది రెండున్నర నుంచి మూడు రెట్ల బరువు తూగుతుంది. 300 గ్రాముల అన్నం తిన్న మనిషికి 300 గ్రాముల బియ్యం అంకె వేస్తే 1068 వస్తుంది. నిజానికి ఆయన తిన్నది 356 నుంచి 427. ఒక్క పూటలోనే ఆరేడు వందలు గాల్లోంచి పుట్టుకొస్తాయి. దాని మీద ఇన్సులిన్ సలహా కూడా నిలబెడితే ఇక చెప్పేదేముంది!

రోగి నిన్నంతా ఏం తిన్నాడో రాబట్టడం ఇంకో విద్య. పుస్తకంలో దానికి ప్రశ్నల వరస ఉంటుంది. వార్డులో మాత్రం ఇలా నడుస్తుంది: "మధ్యాహ్నం ఏం తిన్నారండీ బాబాయ్ గారూ?" "ఏం తింటానమ్మా, రెండు ముద్దలు." కొత్త ఇంటర్న్ రెండు ముద్దలనే రాసుకుని వచ్చేస్తుంది. నేర్చిన అమ్మాయి అక్కడ ఆగదు. "పప్పులోకి ఎంత, పులుసులోకి ఎంత, పెరుగులోకి మళ్లీ పెట్టుకున్నారా?" అని అడుగుతుంది. మన భోజనంలో ఒక్కో వంతుకీ కొత్తగా అన్నం పడుతుంది కాబట్టి అలా అడిగితేనే లెక్క తేలుతుంది. ఆ తర్వాత ఆయన భార్యని, "పొద్దున్న ఎన్ని సోలలు పోశారు పిన్నిగారూ, ఎంతమందికి?" అని అడగాలి. కూరలో, పులుసులో బెల్లం వేస్తారా అన్నది కూడా విడిగా అడగాలి. అడక్కపోతే చెప్పరు, ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది తీపి కిందికి రాదు. ఇంకో మాట, ఒక్కో ఇంటి సోల ఒక్కోలా ఉంటుంది. కొలగ్లాసుతో ఒకసారి సరిచూసి రాసుకోవాలి. తరగతిలో వాడేవి కప్పులూ స్పూన్లే కాబట్టి ఈ భాగం సిలబస్‌లో దొరకదు.

కిడ్నీ ఆహారం దగ్గర కోర్సు బాగా లోతుగా వెళ్తుంది, మెచ్చుకోవాలి. షుగర్ లేని, డయాలసిస్ మొదలుకాని రోగికి కిలో బరువుకి 0.55 నుంచి 0.6 గ్రాముల ప్రొటీన్ అంటారు. 60 కిలోల మనిషికి రోజు మొత్తానికి 33 నుంచి 36 గ్రాములన్నమాట. మూడు పూటలా అన్నమే తినే మన మనిషి 300 గ్రాముల బియ్యంతోనే 24 గ్రాములు ముగిస్తాడు. మహా అయితే మిగిలే 12 గ్రాములు ఒక గుడ్డుకీ చిన్న గ్లాసు పాలకీ సరి. పప్పుకీ చేప ముక్కకీ చోటు లేదు. ఉత్తరాది మెనూ కాపీ చేసి ఇస్తే ఈ ఇబ్బంది కనపడదు. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది, కిలోకి 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలి. పాత చీటీనే కొనసాగిస్తే రోగి కండ కరిగిపోతుంది. వార్డులో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే.

చెడిన కిడ్నీ బయటికి పంపలేని పొటాషియం దగ్గరైతే కోనసీమకి ప్రత్యేక పాఠం పెట్టినా తప్పులేదు. పలకరించడానికొచ్చిన ప్రతి చుట్టం చేతిలో బొండాం ఉంటుంది. 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో పొటాషియం సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాములు. మూత్రం తగ్గిపోయిన డయాలసిస్ రోగికి ఒకటి రెండు బొండాలు పడితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కంద, పెండలం, చేమ ఇష్టమైతే చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేసి, మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించాలి. ఊరికే నానబెడితే పెద్దగా తగ్గదు. ఇక 'లో సోడియం' ఉప్పు. బీపీకి మంచిదని కొనుక్కుంటారు. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడ్. మందుల చీటీలో కనపడని ఈ ప్యాకెట్ సంగతి డైటీషియనే అడిగి తెలుసుకోవాలి.

గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం పరీక్షలో పది మార్కుల ప్రశ్న, ఐసీయూలో రోజూ ఉండే పని. 60 కిలోల రోగికి కిలోకి 25 చొప్పున 1500 కేలరీలు. మిల్లీలీటరుకి ఒక కేలరీ ఇచ్చే ఫార్ములా అయితే 1500 మిల్లీలీటర్లు, ఎనిమిది విడతలుగా ఒక్కోసారి 190 దాకా. కేలరీలు సరిపోయాయని అక్కడితో వదిలేస్తారు. కిలోకి 1.2 చొప్పున ప్రొటీన్ 72 గ్రాములు కావాలి, లీటరుకి 40 గ్రాముల ఫార్ములాలో వచ్చేది 60. మిగతా 12 గ్రాములూ విడిగా ప్రొటీన్ పొడి కలిపి సరిచేయాలి. ఇంటినుంచి రాగిజావ తెస్తే గొట్టం పూడుకుపోతుంది. మొలకెత్తించిన రాగుల పిండి కలిపితే జావ పల్చబడుతుంది. ఎందుకు పల్చబడుతుందో (అమైలేజ్) మొదటి సెమిస్టర్‌లోనే చదివి ఉంటారు, కానీ ఈ రెండిటినీ ముడిపెట్టి చూపించే అధ్యాపకులు కొద్దిమందే.

ఇక ఇంటర్న్‌షిప్. సిలబస్‌లో ఉండేది చాలాచోట్ల కొన్ని వారాలే. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ వారి ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్షకి ఆసుపత్రిలో ఆరు నెలలు చేసి ఉండాలి. స్టైపెండ్ ఇచ్చేవి అరుదు, కొన్ని ఆసుపత్రులు ఎదురు ఫీజు తీసుకుంటాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఆరు నెలలు అద్దెకుండే ఖర్చు కూడా కోర్సు ఖర్చులోనే వేసుకోండి. చేరేముందు కాలేజీలో ఇవి అడగండి: ఏ ఆసుపత్రితో రాతపూర్వక ఒప్పందం ఉంది, అక్కడ డైటీషియన్లు ఎంతమంది, ఐసీయూ, డయాలసిస్ రౌండ్లకి విద్యార్థుల్ని రానిస్తారా, లేక కిచెన్‌లో ట్రాలీలు లెక్కపెట్టిస్తారా? మూడో ప్రశ్నకి జవాబు నసిగితే ఆ సీటు వదులుకోవడమే మేలు. కిచెన్ పని తక్కువదని కాదు గానీ, ఆరు నెలలూ అదే అయితే చార్టు రాయడం రాదు.

ఎక్కడికి వెళ్లాలన్నది మీ గురిని బట్టి ఉంటుంది. ఎన్‌ఐఎన్ వారి అప్లైడ్ న్యూట్రిషన్ కోర్సు పరిశోధనకీ ప్రజారోగ్యానికీ దిట్ట. వార్డు ఉద్యోగమే కావాలంటే ఆసుపత్రి అనుబంధం గట్టిగా ఉన్న క్లినికల్ కోర్సు చూసుకోండి. ఏడాది పీజీ డిప్లొమా ఇప్పటికే ఆసుపత్రిలో పనిచేస్తున్నవాళ్లకి పనికొస్తుంది, కొత్తవాళ్లకి చాలదు.

ఇంట్లోంచే దూరవిద్యలో చదివేద్దామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో డైటీషియన్ కూడా ఉన్నారు. ఆ చట్టం కిందికొచ్చే కోర్సుల్ని 2025 జులై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ చెప్పింది. క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ ఆ జాబితాలో ఉంది. ఇప్పుడు కొత్తగా ఎవరైనా "ఇంటి దగ్గరే ఉండి ఎమ్మెస్సీ డైటెటిక్స్" అని ప్రకటన ఇస్తే, అడ్వాన్స్ కట్టకముందే యూజీసీ అనుమతి పత్రం చూపించమనండి.