హెచ్చరిక: ఆసుపత్రి వరండాలో తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టకండి

రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్నవారి కుటుంబాలు మాకు జరిగిన నష్టాన్ని చూసైనా జాగ్రత్తపడాలని ఇది రాస్తున్నాను. సూర్యాపేట దగ్గర జాతీయ రహదారిపై మా అన్నయ్య బైకును లారీ ఢీకొట్టింది. తాపీ మేస్త్రీగా ఇల్లు నడుపుతున్న ఆయనకు 34 ఏళ్లకే రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి.

ఆపరేషన్ జరిగిన ఐదో రోజున ఒక మధ్యవర్తి బత్తాయిల సంచితో వచ్చి, "అమ్మా, మీరు పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు, ఇన్సూరెన్స్ డబ్బు వచ్చాక నాలుగో వంతు ఇస్తే చాలు" అని వదినతో ఆప్యాయంగా మాట్లాడాడు. మర్నాడు వకాలత్‌ (కేసు నడిపే అధికారాన్ని న్యాయవాదికి ఇచ్చే పత్రం)తో పాటు ఐదు తెల్లకాగితాలు తెచ్చాడు. ప్రతి కాగితం అడుగున పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు ఉంది. వెల్లకిలా పడుకున్న అన్నయ్య ఛాతీ మీద అట్ట పెట్టి, ఆ గుర్తుల దగ్గర సంతకాలు చేయించుకున్నాడు. మేము పక్కనే ఉండి కూడా అడ్డుచెప్పలేదు.

పద్నాలుగు నెలల తర్వాత, అన్నయ్యను పిలవకుండానే, ఆ కాగితాల్లో ఒకటి లోక్ అదాలత్‌లో రాజీపత్రంగా మారింది. లోక్ అదాలత్ అవార్డుపై అప్పీలు ఉండదని మాకు అప్పుడే తెలిసింది. పరిహారం కోసం వేసిన పిటిషన్ నకలు తీయించి చూస్తే, మేస్త్రీని రోజుకూలీగా రాసి ఆదాయం తగ్గించారు. డిశ్చార్జి వరకు అయిన బిల్లులు తప్ప, ఆ తర్వాతి జీవితానికి ఒక్క రూపాయి కూడా అడగలేదు.

అసలు అడగవలసింది ఆ తర్వాతి జీవితానికే. శరీర వైకల్య శాతం వేరు, సంపాదన నష్టం వేరు అని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఒక చేయి పోయిన గుమాస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు గాని, వడ్రంగికి పోయేది దాదాపు మొత్తం జీవనోపాధి. 2020లో కాజల్ కేసులో సహాయకుల ఖర్చును కూడా వయసును బట్టి గుణకంతో (ఏడాది మొత్తాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే సంఖ్యతో) లెక్కగట్టింది. అన్నయ్య వయసుకు గుణకం 16. సహాయకుడికి నెలకు 8,000 రూపాయలనుకున్నా, ఏడాదికి 96,000, దానికి 16 రెట్లు, అంటే ఆ ఒక్క పద్దు కిందే 15,36,000 రూపాయలు అడగవచ్చు. మా పిటిషన్‌లో ఆ పద్దే లేదు.

ఆ లోటు ఇంట్లో ఎలా కనబడిందో చెబుతాను. డబ్బు లేక, మెత్త లేని మామూలు చక్రాల కుర్చీ కొన్నాము. ఒకరోజు స్నానం చేయిస్తుండగా నడుము కింద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ కనిపించింది. ఆయనకు అక్కడ స్పర్శ లేదు కనుక నొప్పి తెలియలేదు. మూడు వారాల్లో అది ఎముక కనబడేంత పుండైంది. మంచంలో రెండు గంటలకొకసారి పక్క మార్చడానికి మనిషి, కుర్చీకి తగిన మెత్త, మూత్రం గొట్టాలు, ఫిజియోథెరపీ, ఇవన్నీ బతికినంత కాలం అవసరమే. పునరావాస వైద్యుడి చేత వీటిని అంచనాగా రాయించుకుని, పిటిషన్‌తో పాటు ట్రిబ్యునల్‌కు (ప్రమాద పరిహారం కేసులు వినే న్యాయస్థానానికి) ఇవ్వండి.

పిటిషన్ వేసే గడువు దాటిపోతుందని ఎవరైనా తొందరపెడితే లొంగవద్దు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి ఆరు నెలల గడువు వచ్చిన మాట నిజమే. కానీ ఆరు నెలల గడువున్న పనికి ఐదో రోజున తెల్లకాగితాలు ఎందుకని అడగండి. వచ్చిన పరిహారంలో వాటా తీసుకునే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలు న్యాయవాదులకు నిషేధించాయి. వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100కు ఫోన్ చేయవచ్చు, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు.

ఇప్పటికే ఇలాంటి కాగితాలపై సంతకాలు పెట్టినవారు, కేసు ఇంకా నడుస్తుంటే, పిటిషన్ నకలు వెంటనే తీసుకుని చదివించుకోండి. తన అనుమతి లేకుండా రాజీ నమోదు చేయవద్దని బాధితుడే ట్రిబ్యునల్‌కు, న్యాయ సేవాధికార సంస్థకు రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.